సోవియట్ పాఠ్యపుస్తకాల్లో యుద్ధం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం మీద ఎక్కడ చర్చ మొదలైనా "రష్యా వాళ్ల పుస్తకాల్లో ఇలా రాయలేదే" అని ఒకరు తప్పకుండా అంటారు. అలా అనే ముందు ఆ పుస్తకం ఏ ఏడు అచ్చయిందో చూడాలి. 1947లో ఉన్న వాక్యం 1962లో ఉండదు. 1962లో ఉన్న పేరు 1978లో కనపడదు. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు తెలిసినంతలో జవాబులు ఇవి.

"రెండో ప్రపంచ యుద్ధం" అనకుండా వేరే పేరు ఎందుకు పెట్టుకున్నారు?

సోవియట్ పిల్లలు ముఖ్యంగా చదివింది "మహా దేశభక్తియుత యుద్ధం". అది 1941 జూన్ 22న మొదలై 1945 మే 9న ముగుస్తుంది. జర్మనీ దాడి చేసిన మర్నాడే కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాలో ఈ మాట వచ్చింది. 1812లో నెపోలియన్‌తో జరిగిన పోరును రష్యన్లు అప్పటికే దేశభక్తియుత యుద్ధం అనేవాళ్లు. దానికి "మహా" చేర్చారు.

పేరులో తప్పు పట్టడానికేమీ లేదు. సొంత గడ్డ మీదికి వచ్చినవాడితో చేసిన యుద్ధం అది. కాకపోతే ఆ పేరు వల్ల ఒక వెసులుబాటు దొరికింది. యుద్ధం 1941లో మొదలైందనుకుంటే, 1939 సెప్టెంబరు నుంచి అప్పటిదాకా సోవియట్ సైన్యం ఎక్కడెక్కడికి వెళ్లిందో యుద్ధ పాఠంలో చెప్పనక్కర్లేదు. అదంతా వెనక అధ్యాయంలో, శాంతి కోసం ప్రయత్నాలు, దేశ రక్షణ ఏర్పాట్లు అనే పద్దు కిందకి పోతుంది.

ఇంకో చిన్న విషయం. ఆ పుస్తకాల్లో "నాజీ" అన్న మాట అరుదు. శత్రువు ఎప్పుడూ "జర్మన్ ఫాసిస్టు దురాక్రమణదారు". హిట్లర్ పార్టీ పేరులో "సోషలిస్టు" అన్న ముక్క ఉండటం వాళ్లకు ఇబ్బందే మరి.

1939 ఆగస్టు నుంచి 1941 జూన్ దాకా, ఆ 22 నెలల గురించి ఏం రాశారు?

1939 ఆగస్టు 23న మాస్కోలో సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్, జర్మన్ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ అనాక్రమణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇది పుస్తకాల్లో ఉంది. బ్రిటన్, ఫ్రాన్స్ చర్చల్ని సాగదీశాయి కాబట్టి గత్యంతరం లేక చేసుకున్నాం, సిద్ధం కావడానికి సమయం దొరికింది అని వాదన. 1938లో మ్యూనిక్‌లో ఆ రెండు దేశాలూ చెకొస్లొవేకియాను హిట్లర్‌కు ఒప్పజెప్పిన తీరు చూసినవాళ్లకు ఈ వాదన పూర్తిగా గాలి మాటగా అనిపించదు.

ఒప్పందానికి జత చేసిన రహస్య పత్రం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పోలండ్‌ను, బాల్టిక్ దేశాలను, ఫిన్లాండ్‌ను ఎవరి వాటా ఎంత అని పంచుకున్న కాగితం అది. సెప్టెంబరు 17న ఎర్రసైన్యం తూర్పు పోలండ్‌లోకి వెళ్లడాన్ని "విముక్తి యాత్ర" అన్నారు. ఫిన్లాండ్‌తో యుద్ధానికి కారణం ఫిన్నిష్ కవ్వింపు. బాల్టిక్ ప్రజలు తమంతట తాము సోవియట్ యూనియన్‌లో చేరారు. ఇదీ పాఠం.

1948లో అమెరికా జర్మన్ విదేశాంగ శాఖ కాగితాల్ని అచ్చువేసినప్పుడు సోవియట్ ప్రభుత్వం చరిత్రను వక్రీకరిస్తున్నారంటూ ఎదురు పుస్తకం వేసింది. రహస్య పత్రమే లేదన్న మాట మీద మరో 40 ఏళ్లు నిలబడింది. 1989 ఆగస్టు 23న బాల్టిక్ జనం మూడు రాజధానుల్ని కలుపుతూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆ డిసెంబరు 24న సోవియట్ ప్రజాప్రతినిధుల కాంగ్రెస్ ఆ పత్రం ఉందని ఒప్పుకుని ఖండించింది.

బడిలో పాఠం ఎలా నడిచేది?

చిన్న తరగతుల్లో కథలుగా, పదో తరగతిలో అసలు పాఠంగా. యుద్ధాన్ని మూడు దశలుగా చెప్పేవారు. మొదటిది 1942 నవంబరు 18 దాకా. రెండోది స్టాలిన్‌గ్రాడ్ దగ్గర ఎదురుదాడి మొదలైన నవంబరు 19 నుంచి 1943 చివరి దాకా, దీన్ని "మౌలిక మలుపు" అనేవారు. మూడోది బెర్లిన్ దాకా. చివర్లో జపాన్‌తో యుద్ధానికి చిన్న భాగం. జపాన్ లొంగిపోయింది అణుబాంబుల వల్ల కాదు, మంచూరియాలో ఎర్రసైన్యం అక్కడి జపాన్ క్వాంటుంగ్ సైన్యాన్ని దెబ్బతీయడం వల్లేనని అందులో గట్టిగా ఉండేది.

పరీక్ష నోటితో. బల్ల మీద టికెట్లు బోర్లించి ఉంటాయి. పిల్లవాడు ఒకటి తీస్తాడు, కాసేపు కూర్చుని రాసుకుంటాడు, లేచి చెబుతాడు. "మన విజయానికి మూలాలు" అన్న టికెట్ వస్తే పంట పండినట్టే. సోషలిస్టు వ్యవస్థ, పార్టీ నాయకత్వం, జాతుల మైత్రి, సోవియట్ దేశభక్తి అని వరసగా అప్పజెప్పడమే. "మొదట్లో ఓటములెందుకు?" అన్న టికెట్ దగ్గరే చిక్కు. ఆకస్మిక దాడి, యూరప్ అంతటి వనరులు జర్మనీ చేతిలో ఉండటం, మన సైన్యానికి కొత్త ఆయుధాలు ఇంకా పూర్తిగా అందకపోవడం అని చెప్పాలి. 1937–38లో సొంత సేనానుల్నే కాల్చి చంపిన సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆ ఏడు క్రెమ్లిన్‌లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉండేది.

నాయకుడు మారితే పాఠం మారేదంటారు, నిజమేనా?

నిజమే. యుద్ధం రాకముందు నుంచే ఆ అలవాటు ఉంది. 1937లో చిన్న తరగతులకు షెస్తకోవ్ సంపాదకత్వంలో కొత్త చరిత్ర పుస్తకం వచ్చింది. అందులో ఎర్రసైన్యం మార్షళ్ల బొమ్మలున్నాయి. ఏడాది అటూఇటూగా వాళ్లలో బ్ల్యూహెర్, యెగొరోవ్ "ప్రజా శత్రువులు" అయ్యారు. టీచరు చెప్పగానే పిల్లలు ఆ ముఖాల మీద సిరా పులిమేశారు. అలా మిగిలిన ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. మీసాలూ పతకాలూ ఉండాల్సిన చోట నల్లటి మరక. కాగితం వెనక్కి కూడా సిరా దిగి ఉంటుంది.

యుద్ధం అయ్యాక వచ్చిన పుస్తకాల్లో స్టాలినే అంతా. 1944 దాడులన్నీ కలిపి "స్టాలిన్ పది దెబ్బలు" అని నేర్పించారు. బెర్లిన్ పట్టుకున్న జూకోవ్ 1946లో పక్కకు పోయాడు, పుస్తకాల్లోనూ మసకబారాడు.

1956 ఫిబ్రవరిలో ఇరవయ్యో పార్టీ మహాసభలో, స్టాలిన్ తర్వాత పార్టీ పగ్గాలు పట్టిన క్రుశ్చేవ్ రహస్య ప్రసంగం చేశాక పది దెబ్బల్లోంచి "స్టాలిన్" ఊడిపోయింది. దాడి జరగబోతోందన్న హెచ్చరికల్ని స్టాలిన్ పట్టించుకోలేదని మొదటిసారి అచ్చయింది. 1961లో స్టాలిన్‌గ్రాడ్ ఊరి పేరే వోల్గోగ్రాడ్ అయింది. 1960–65 మధ్య వచ్చిన ఆరు సంపుటాల అధికారిక యుద్ధ చరిత్రలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర క్రుశ్చేవ్ పాత్ర చాలా పెరిగింది. ఆయన అక్కడ ఉన్న మాట వాస్తవమే, సైనిక మండలి సభ్యుడు. అంత పెద్దగా ఉన్నాడా అన్నదే ప్రశ్న. 1964లో ఆయన్ని దింపేశాక ఆ పేరు మళ్లీ సన్నబడింది.

ఆయన తర్వాత వచ్చిన బ్రెజ్నేవ్ కాలం ఇంకో తమాషా. 1943లో నల్లసముద్రం ఒడ్డున నొవొరొసీస్క్ దగ్గర "మాలయా జెమ్ల్యా" అనే చిన్న ఒడ్డును పట్టుకుని 225 రోజులు పోరాడారు. నిజంగా భీకరమైన పోరాటమే. 18వ సైన్యం రాజకీయ విభాగాధిపతిగా బ్రెజ్నేవ్ అక్కడికి వెళ్లొచ్చేవాడు. 1978లో ఆయన పేరుతో దాని మీద జ్ఞాపకాలు వచ్చాయి, ఆ తర్వాత సాహిత్యానికి లెనిన్ బహుమతీ వచ్చింది, బడిపిల్లలు అవి చదవాల్సి వచ్చింది. అప్పుడు జనంలో పుట్టిన జోకు: "తాతా, మీరు మాలయా జెమ్ల్యాలో పోరాడారా, లేక స్టాలిన్‌గ్రాడ్ కందకాల్లో కూర్చుని కాలక్షేపం చేశారా?"

ఎంతమంది చనిపోయారని రాసేవారు?

సోవియట్ పాఠం ఏ కాలానిదో చెప్పడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. 1946 మార్చిలో స్టాలిన్ ప్రావ్దాకు చెప్పిన లెక్క సుమారు 70 లక్షలు. 1961లో క్రుశ్చేవ్ స్వీడన్ ప్రధానికి రాసిన ఉత్తరంలో అది 2 కోట్లయింది. బ్రెజ్నేవ్ "2 కోట్లకు పైగా" అన్నాడు, పాతికేళ్లు అదే అందరి నోటా. 1990 మేలో గోర్బచేవ్ దాదాపు 2 కోట్ల 70 లక్షలని ప్రకటించాడు.

గెలిచిన దేశం తన చావుల్ని తగ్గించి చెప్పుకోవడం వింతగా అనిపిస్తుంది. 1946లో అసలు లెక్క చెబితే "ఇంత నష్టం ఎలా జరిగింది, ఎవరిది బాధ్యత?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పైగా, దేశం ఎంత నీరసించిపోయిందో పశ్చిమ దేశాలకు తెలిసిపోతుంది.

యూదుల ఊచకోత గురించి ఉండేదా?

చంపారని ఉండేది, యూదులని ఉండేది కాదు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ పక్కన బాబీ యార్ లోయలో 33,771 మంది యూదుల్ని కాల్చి చంపారు. ఇది జర్మన్లు రాసుకున్న లెక్కే. దీన్ని విచారించిన సోవియట్ కమిషన్ తన నివేదిక చిత్తుప్రతిలో యూదుల పేరు రాసింది. 1944లో అచ్చుకొచ్చేసరికి అది "శాంతియుత సోవియట్ పౌరులు" అయింది. పాఠ్యపుస్తకాలూ అదే మాట వాడాయి. 1976లో అక్కడ పెట్టిన స్మారకం మీద కూడా యూదుల ప్రస్తావన లేదు.

అన్ని జాతులూ బాధపడ్డాయి, విడదీసి చెప్పకూడదు అన్నది పైకి చెప్పిన కారణం. స్టాలిన్ చివరి ఏళ్లలో దేశంలో యూదుల మీద జరిగిన వేధింపులు గుర్తున్నవాళ్లకు ఆ కారణం సరిపోదు.

కాటిన్, ఖాతిన్ ఒకటేనా?

కాదు, చాలామంది పొరపడతారు. ఖాతిన్ బెలారస్‌లోని ఊరు. 1943 మార్చి 22న ఊరి జనాన్ని కొట్టంలో పెట్టి తగలబెట్టారు, 149 మంది పోయారు. 1969లో అక్కడ పెద్ద స్మారకం కట్టారు, ప్రతి బడిపిల్లకీ ఆ పేరు తెలుసు. తగలబెట్టిన వాళ్లలో జర్మన్ల కింద పనిచేసిన స్థానిక పోలీసు బెటాలియన్ కూడా ఉందన్నది మాత్రం బయటికి రానివ్వలేదు. 1986లో మిన్స్క్‌లో అందులో ఒక అధికారి మీద జరిగిన విచారణ కూడా గుట్టుగా ముగిసింది.

కాటిన్ రష్యాలో స్మొలెన్స్క్ దగ్గరి అడవి. 1940 వసంతంలో సోవియట్ రహస్య పోలీసులు అక్కడా మరికొన్ని చోట్లా కలిపి దాదాపు 22,000 మంది పోలిష్ అధికారుల్ని, పోలీసుల్ని, ఇతర ఖైదీల్ని చంపారు. 1943లో సమాధులు బయటపడ్డాయి. 1944లో సోవియట్ ప్రభుత్వం వేసిన బుర్దెంకో కమిషన్ తప్పంతా జర్మన్ల మీదికి నెట్టింది. బడి పుస్తకాలకు మౌనమే సుఖమనిపించింది. 1990 ఏప్రిల్‌లో గానీ మాస్కో ఒప్పుకోలేదు.

యుద్ధఖైదీలు, ఊళ్ల నుంచి తరిమేసిన జాతులు?

దాదాపు ఏమీ లేదు. యాభై లక్షలకు పైగా సోవియట్ సైనికులు జర్మన్లకు చిక్కారు, సగానికి పైగా చనిపోయారు. తిరిగొచ్చిన వాళ్లను సొంత ప్రభుత్వమే అనుమానంగా చూసింది. వోల్గా జర్మన్లు, కల్మీకులు, చెచెన్లు, ఇంగుష్‌లు, క్రిమియా తాతార్లు, జాతికి జాతినే గూడ్సు బండ్లలో ఎక్కించి మధ్య ఆసియాకు, సైబీరియాకు పంపారు. పాఠంలో ఒక్క వాక్యం లేదు. పటంలో మాత్రం తెలుస్తుంది: చెచెన్-ఇంగుష్ రిపబ్లిక్ 1944 తర్వాతి పటాల్లో మాయమై 1957 తర్వాత మళ్లీ వచ్చింది. మధ్యలో ఎక్కడికి పోయిందని అడిగే పిల్లవాడికి టీచరు ఏం చెప్పగలడు?

"ఒక్క అడుగు కూడా వెనక్కి వద్దు" అన్న 1942 జులై నాటి 227వ నంబరు ఉత్తర్వుదీ ఇదే కథ. అప్పట్లో దాన్ని సైన్యానికి చదివి వినిపించారు. పూర్తి పాఠం అచ్చులోకి వచ్చింది 1988లో.

అమెరికా, బ్రిటన్ సాయాన్ని ఒప్పుకున్నారా?

నాలుగు శాతం మేరకు ఒప్పుకున్నారు. మిత్రదేశాల నుంచి వచ్చిన సరుకు సోవియట్ ఉత్పత్తిలో సుమారు 4 శాతమని ప్రణాళికా సంఘం అధిపతి వొజ్నెసెన్‌స్కీ 1947లో రాశాడు. 1948లో ఆ పుస్తకానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. 1950లో ఆయన్ని కాల్చి చంపారు, పుస్తకాన్ని గ్రంథాలయాల నుంచి తీసేశారు. అంకె మాత్రం బతికి బట్టకట్టింది, దశాబ్దాల పాటు అందరూ దాన్నే ఎత్తి రాశారు.

అమెరికా పంపిన సుమారు 1,100 కోట్ల డాలర్ల సరుకులో నాలుగు లక్షల దాకా ట్రక్కులు, జీపులే ఉన్నాయి. స్టూడ్‌బేకర్ ట్రక్కు ఎక్కని సైనికుడు అరుదు. మిత్రదేశాలు యూరప్‌లో పడమటి వైపు నుంచి రెండో ఫ్రంట్ (యుద్ధ రంగం) తెరవడం 1944 జూన్ దాకా సాగదీశాయని సైనికులకు మంట. అందుకే అమెరికా మాంసం డబ్బా తెరిచినప్పుడల్లా "ఇదిగో, రెండో ఫ్రంట్ తెరిచాం" అనేవాళ్లు. పాఠ్యపుస్తకం చెప్పింది కూడా అదే: రష్యా ఒంటరిగానే గెలిచేస్తుందని తెలిశాక గానీ వాళ్లు రాలేదు అని.

వీరగాథల్లో కల్పన ఎంత?

ఒక్కోటి ఒక్కోలా. జనరల్ పాన్‌ఫిలోవ్ దళానికి చెందిన "28 మంది పాన్‌ఫిలోవ్ వీరులు" కథ అన్నిటికంటే పేరున్నది. 1941 నవంబరు 16న మాస్కో దగ్గర దుబొసెకొవొలో 28 మంది సైనికులు ట్యాంకుల్ని ఆపి అందరూ నేలకొరిగారని సైనిక పత్రిక రాసింది. "రష్యా చాలా పెద్దది, కానీ వెనక్కి తగ్గడానికి చోటు లేదు, వెనక మాస్కో ఉంది" అన్న మాట ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చు. యుద్ధమయ్యాక ఆ 28 మందిలో ఒకడు ప్రాణాలతో దొరికాడు. 1948లో సైనిక ప్రాసిక్యూటర్లు విచారిస్తే, ఆ మాటలు తానే అల్లానని విలేకరి ఒప్పుకున్నాడు. నివేదిక రహస్యంగా ఉండిపోయింది, పాఠం అలాగే కొనసాగింది. అక్కడ యుద్ధం జరిగింది, ఆ రెజిమెంట్‌లో చాలామంది చనిపోయారు. నిజంగా పోయిన వాళ్లలో ఎందరి పేర్లో ఈ కథ కింద కప్పబడిపోయాయి. నాకు ఎక్కువ బాధనిపించేది అదే.

జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా కథ వేరు. 18 ఏళ్ల ఆ అమ్మాయిని 1941 నవంబరు 29న పెత్రిషెవొ గ్రామంలో ఉరితీశారు. ఆమె ధైర్యంలో అబద్ధం లేదు. జర్మన్లకు నీడ దొరక్కుండా ఊళ్లు తగలబెట్టమని పైనుంచి వచ్చిన ఆదేశం మీద ఆమె వెళ్లిందని, కాలిన ఇళ్లు సొంత దేశపు రైతులవని మాత్రం బడిలో చెప్పలేదు.

యూనివర్సిటీలో పరిస్థితి మెరుగేనా?

పుస్తకం లావు పెరిగేది, అంతే. డాక్టరు చదివినా ఇంజనీరు చదివినా "పార్టీ చరిత్ర" తప్పనిసరి సబ్జెక్టు. స్టాలిన్ కాలంలో 1938 నాటి "సంక్షిప్త చరిత్ర", 1959 నుంచి పొనొమర్యోవ్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం. వాటిలో యుద్ధమంటే పార్టీ తీర్మానాలు, సమీకరణలు, కమ్యూనిస్టులు ముందుండి నడిపించడం. పరీక్ష గట్టెక్కడానికి చదివినవాళ్లే ఎక్కువ.

ఎదురు చెప్పిన చరిత్రకారులు లేరా?

ఉన్నారు, మూల్యం చెల్లించారు. అలెగ్జాండర్ నెక్రిచ్ 1965లో 1941 జూన్ 22 మీద చిన్న పుస్తకం రాశాడు. హెచ్చరికలన్నీ ఉన్నా స్టాలిన్ దేశాన్ని సిద్ధం చేయలేదని అందులో ఉంది. సెన్సారు దాటి, ప్రభుత్వ ముద్రణాలయంలోనే అచ్చయింది. 1966లో దాని మీద చర్చ పెడితే వచ్చిన చరిత్రకారుల్లో చాలామంది ఆయన పక్షమే మాట్లాడారు. ఈలోగా గాలి మారింది. 1967లో పార్టీ నుంచి వెళ్లగొట్టారు, పుస్తకాన్ని గ్రంథాలయాల నుంచి తీయించారు, 1976లో ఆయన దేశం వదిలాడు. రెండేళ్ల ముందు రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదేమో.

పిల్లలు ఇదంతా నమ్మేవారా?

ఇంట్లో తాత ఉన్నాడుగా! ప్రతి కుటుంబంలో ఒకరో ఇద్దరో పోయారు. బడికి పతకాలు పెట్టుకుని వచ్చే మాజీ సైనికుడు పుస్తకంలో ఉన్నదే చెప్పేవాడు. వంటింట్లో ఇంకోటి చెప్పేవాడు, లేదంటే ఏమీ చెప్పేవాడు కాదు. 1988లో పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, పాత పుస్తకం మీద పరీక్ష పెట్టడం కుదరదని దేశమంతా బడి చివరి చరిత్ర పరీక్షను రద్దు చేశారు.

అయితే అంతా అబద్ధమేనా?

కాదు. జర్మన్ సైన్యం నడుం విరిగింది తూర్పు రంగంలోనే. స్టాలిన్‌గ్రాడ్ దగ్గరే 91,000 మంది ఖైదీలుగా చిక్కారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి 872 రోజులు సాగింది, 1941 చలికాలంలో చాలామందికి రోజుకు దక్కింది 125 గ్రాముల రొట్టె. హాలీవుడ్ సినిమాలు చూసి 1944లో మిత్రసేనలు దిగిన నార్మండీ ఒక్కటే యుద్ధమనుకునేవాళ్లకు సోవియట్ పుస్తకం ఇప్పటికీ మంచి విరుగుడు.

తెలుగు పాఠకులకు ఇందులో ఏమైనా సంబంధం ఉందా?

కొంత ఉంది. మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా ఊరూరా చేరాయి. "సోవియట్ భూమి" పత్రిక నిగనిగలాడే కాగితాలు మా ఇంట్లో నోటు పుస్తకాలకు అట్టలయ్యాయి. యుద్ధం గురించి ఒక తరం తెలుగువాళ్లకు తెలిసింది చాలావరకు అందులోంచే, బ్రెజ్నేవ్ నాటి పాఠమే. 1941 జూన్ 22 ఇక్కడా గీత గీసింది. అప్పటిదాకా "సామ్రాజ్యవాద యుద్ధం" అన్న భారత కమ్యూనిస్టు పార్టీ ఆ తర్వాత "ప్రజాయుద్ధం" అంది. 1942లో పార్టీ మీద నిషేధం పోయింది. పార్టీ క్విట్ ఇండియాకు దూరంగా ఉంది, ఆ గొడవ మన రాజకీయాల్లో చాలా ఏళ్లు వినపడింది.

మా ఇంట్లో పాత సోవియట్ పుస్తకం ఒకటి దొరికింది. ఏం చూడాలి?

ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. ఆ పేజీ చిరిగిపోయి ఉంటే మరణాల అంకె వెతకండి: 70 లక్షలా, 2 కోట్లా, 2 కోట్ల 70 లక్షలా? తర్వాత స్టాలిన్ పేరు పేజీకి ఎన్నిసార్లు వస్తోందో చూడండి. ఊరి పేరు వోల్గోగ్రాడ్ అని ఉందా? మాలయా జెమ్ల్యాకు 1943 నాటి భారీ కుర్స్క్ యుద్ధమంత చోటిచ్చారంటే అది 1970ల చివరిది, అనుమానం అక్కర్లేదు. ఫొటోల మీద సిరా మరకలు ఉంటే మాత్రం దాన్ని పాత పేపర్లవాడికి వేయకండి.